నాలుగేళ్ల పిల్లవాడు ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల నడక, గెంతు, చేతిపని గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్ని ఈసారి తీసుకున్నాం. ఒకే సంగతి నలుగురు అడిగినచోట ఒక ఉత్తరమే వేశాం.

ప్రశ్న: మా కేంద్రంలో 3–6 ఏళ్ల పిల్లలు 24 మంది. ఎత్తు, బరువు నెలనెలా రాస్తున్నాం. గెంతడం, బంతి పట్టడం, గీతలు గీయడం కూడా వయసుకు తగ్గట్టు వస్తున్నాయో లేదో చూడాలనుంది. ఏ వయసుకి ఎంత రావాలి? ఎలా చూడాలి? సామాన్లు పెద్దగా లేవు.
– అంగన్‌వాడీ కార్యకర్త, కోవూరు మండలం

జవాబు: పెద్ద సామాన్లు అక్కర్లేదు. ఐదు మీటర్ల చదును నేల, సుద్దముక్క, పిల్లవాడి రెండు చేతుల్లో పట్టేంత రబ్బరు బంతి, గీతలు లేని కాగితాలు, లావు పెన్సిల్, కొస గట్టిగా ఉన్న బూటు లేసు, అది దూరే పూసలు, ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. అన్ని వైపులా అంగుళం ఉండే ఘనాకారపు చెక్కముక్కలు పది కావాలి. వడ్రంగిని అడిగితే తుక్కు చెక్కలోంచి కోసిస్తాడు, గరుకు కాగితంతో అంచులు రుద్దుకోండి.

మొదట వయసు సరిగా కట్టండి. లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే. బడిలో చేర్చడానికని పుట్టినతేదీ జరిపి చెప్పే ఇళ్లున్నాయి. తల్లీబిడ్డల కార్డులో ఉన్న తేదీనే పట్టుకుని, నిండిన ఏళ్లు, నెలలు రాయండి. ‘నాలుగో ఏడు నడుస్తోంది’ అన్నారంటే నిండింది మూడే. ఈ ఈడులో ఆరు నెలలంటే చాలా తేడా.

పొద్దున, పిల్లలు ఏదో ఒకటి తిని ఉన్నప్పుడు చూడండి. మధ్యాహ్నం అన్నం తిన్నాక నిద్ర ముంచుకొచ్చేవాళ్లను గెంతమంటే గెంతరు. చెప్పులు విప్పించండి. పావడా, పొడుగు గౌను మోకాళ్ల పైకి దోపండి. నీడపట్టున, తడిలేని నేల చూసుకోండి. (ఎండాకాలం కాలే సిమెంటు గచ్చు మీద ఎలాగూ గెంతుతారు, దాన్ని మాత్రం మార్కుల్లో వేయకండి.) ఒక్కొక్కరినే పిలవండి. మిగతావాళ్లు చుట్టూ చేరితే సిగ్గరి పిల్లలు కదలరు, గడుసువాళ్లు నవ్వించడానికి కావాలనే పడతారు. మీరు ఒకసారి చేసి చూపించాలి, పిల్లవాడు ఒకసారి సాధన చేయాలి, ఆ తర్వాత రెండు అవకాశాలివ్వాలి. రెండింటిలో బాగా చేసినదే రాయాలి. ఒక్కొక్కరికి 10–15 నిమిషాలు పడుతుంది. రోజుకు ముగ్గురిని మించి పెట్టుకోకండి, నాలుగో పిల్ల దగ్గరికొచ్చేసరికి చూసేవాళ్లకే ఓపిక తగ్గుతుంది.

ఇక చూడాల్సినవి. ఒంటికాలి నిలకడ: మూడేళ్లు నిండిన పిల్లలు రెండు మూడు సెకన్లు, నాలుగేళ్లకు సుమారు ఐదు, ఐదేళ్లకు ఎనిమిది నుంచి పది సెకన్లు నిలబడాలి. కాలు నేల వదిలిన క్షణం నుంచి మళ్లీ తాకేదాకా స్టాప్‌వాచ్‌తోనే కొలవండి. ‘ఒకటి, రెండు, మూడు’ అని నోటితో లెక్కపెడితే మనకు ఇష్టమైన పిల్లలకు లెక్క వేగం పెరుగుతుంది. రెండు కాళ్లకూ విడివిడిగా రాయాలి. కుడికాలి మీద ఆరు సెకన్లు, ఎడమకాలి మీద ఒకటి అయితే సగటు మూడున్నర అని రాసేయకండి. ఆ తేడాయే మీరు పట్టుకోవాల్సిన అసలు విషయం.

గెంతు: మూడేళ్లకు రెండు కాళ్లూ ఒకేసారి లేపి ముందుకు దూకాలి. నాలుగేళ్లకు ఒంటికాలితో రెండు మూడు కుంటులు, ఐదేళ్లకు ఆగకుండా ఐదు పైనే కుంటాలి. తొక్కుడుబిళ్ల గళ్లు గీసి వదిలితే ఇదంతా ఆటలోనే కనిపిస్తుంది. మెట్లు: మూడేళ్లకు అడుగుకో మెట్టు చొప్పున ఎక్కాలి, నాలుగేళ్లకు అలాగే దిగాలి కూడా. దిగడమే కష్టం, అదే ముందు చూడండి. బంతి: మీటరున్నర దూరం నుంచి, కింది నుంచి పైకి నెమ్మదిగా వేయండి. మూడేళ్ల పిల్లలు చేతులు కర్రల్లా చాపి, పడ్డ బంతిని గుండెలకు హత్తుకుంటారు. ఐదేళ్లకు అరచేతులతోనే పట్టాలి. బంతి వచ్చే దిక్కు కూడా చూడకపోతే, లేదా ముఖం మీదికొచ్చేదాకా కదలకపోతే ముందు కంటిచూపు అనుమానించండి.

చేతిపని: మూడేళ్లకు తొమ్మిది చెక్కముక్కలు ఒకదానిమీదొకటి పేర్చాలి, మూడింటితో వంతెన కట్టాలి. నాలుగేళ్లకు పెద్ద గుండీలు పెట్టుకోవాలి. గీతల సంగతి కింద ఇంకో జవాబులో వివరంగా రాశాం.

‘చేశాడు’, ‘చేయలేదు’ అని రాసి ఊరుకోకుండా పక్కన ఒక గడి గీసుకుని, ఎలా చేశాడో నాలుగు మాటలు రాయండి. చేతులు గాల్లో కొట్టుకున్నాయా? లేపిన కాలును రెండో కాలికి చుట్టి నిలబడ్డాడా? ఒకవైపు చెయ్యి మడతపడి ఛాతీకి అంటుకుందా? మునివేళ్ల మీదే నడుస్తున్నాడా? ఆర్నెల్ల తర్వాత అదే పిల్లవాడిని చూసినప్పుడు అంకెల కన్నా ఈ నాలుగు మాటలే ఎక్కువ చెబుతాయి. బరువు, జబ్బ చుట్టుకొలత తక్కువ ఉన్నవాళ్లు, రక్తం తక్కువ ఉన్నవాళ్లు మొదట బాగా చేసి మూడో ఆటకే కూలబడతారు. అదీ రాయండి.

ఒకటి రెండు అంశాల్లో వెనకబడ్డవాళ్లకు నెలన్నర పాటు రోజూ ఆ ఆటలే ఆడించి మళ్లీ చూడండి. చాలామందికి కొరవ అవకాశమే. చంకలో పెరిగిన పిల్లకు మెట్లెలా వస్తాయి? అప్పటికీ కదలిక లేనివాళ్లను, కుడిఎడమల తేడా ఉన్నవాళ్లను, వచ్చిన పని మర్చిపోతున్నవాళ్లను ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యాన్ని పరీక్షించే ప్రభుత్వ కార్యక్రమం) బృందానికి చూపించండి. 2013లో మొదలైన ఈ కార్యక్రమంలో వైద్యబృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి. వాళ్లు జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి రాసిస్తారు. మర్చిపోతున్న పిల్లల విషయంలో మాత్రం బృందం వచ్చేదాకా ఆగకండి.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ల రెండు నెలలు. ఎల్‌కేజీ. పెన్సిల్ పిడికిట్లో పట్టుకుంటాడు, ‘అ’ రాయమంటే ఏడుస్తాడు. చేతి కండరాలు వీక్‌గా ఉన్నాయేమో చూపించమని బళ్లో మేడమ్ అంటోంది. అక్షరాభ్యాసం అయి ఏడాదైంది.
– ఒక తల్లి, కావలి

జవాబు: అక్షరాభ్యాసం అయిందని వేళ్లు ఎదగవమ్మా. నాలుగేళ్లకు ‘అ’ రాకపోవడం జబ్బు కాదు. అందులో ఎన్ని మలుపులున్నాయో ఒకసారి మీరే నెమ్మదిగా రాసి చూడండి. పెన్సిల్ ఎత్తకుండా సున్న చుట్టాలి, వెనక్కి తిప్పాలి, మళ్లీ కలపాలి. పిల్లలకు సున్న సుమారు మూడేళ్లకు, కూడిక గుర్తు నాలుగేళ్ల దగ్గర, చతురస్రం నాలుగున్నర నుంచి ఐదుకు, త్రిభుజం ఐదు దాటే వేళకు వస్తాయి. ఏటవాలు గీత అన్నిటికన్నా ఆలస్యం. ముందు ‘0’, ‘ం’, ‘ర’, ‘ఠ’ లాంటివి కుదిరితే ‘అ’ దానంతటదే దారిలో పడుతుంది. నాలుగు గీతల కాపీ పుస్తకం ఇప్పుడే పెట్టే బడులు తొందరపడుతున్నాయన్నది మా అభిప్రాయం.

ఇంట్లో మీరే ఇలా చూడండి. ఒక అట్టముక్క మీద సున్న ముందే గీసి ఉంచి, ‘ఇలాంటిది నువ్వొకటి వెయ్యి’ అనండి. వాడి ఎదురుగా గీయకండి. చెయ్యి కదిలే తీరు చూసి గీయడం తేలిక, గీసి ఉన్న బొమ్మను చూసి గీయడం కష్టం. రెండింటికీ నెలల తేడా ఉంటుంది. చుక్కలు కలపడం, మీరు చెయ్యి పట్టి దిద్దించడం లెక్కలోకి రావు. సున్న చివర్లు కొంచెం కలవకపోయినా ఫర్వాలేదు. గిరగిర తిప్పుతూ ఆపలేకపోతే ఇంకా రానట్టే.

పిడికిలి పట్టు మూడేళ్లకు సహజం. నాలుగేళ్లకు వేళ్లు కిందికి దిగుతాయి, ఐదారేళ్లకు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మధ్య పెన్సిల్ ఆడుతుంది. పట్టు మార్చాలంటే ‘ఇలా పట్టుకో’ అని పదిసార్లు చెప్పడం దండగ. క్రేయాన్‌ను అంగుళంన్నర ముక్కగా విరిచి ఇవ్వండి. పిడికిలికి చోటుండదు, వేళ్లు వాటంతటవే కొసలకు వస్తాయి. పలకను గోడకు వాడి కళ్ల ఎత్తులో వేలాడదీసి గీయించండి, మణికట్టు వెనక్కి వంగి బలం పట్టుకుంటుంది. పొద్దున మీరు ముగ్గు వేసేటప్పుడు వాడికీ చిటికెడు ముగ్గుపిండి ఇచ్చి ఒక గీత వెంట వదలమనండి. పెన్సిల్‌కు కావాల్సిన మూడు వేళ్లే పిండిని పట్టేది కూడా. చిక్కుడుకాయలు ఒలవడం, చపాతీ పిండి నలపడం, బట్టల క్లిప్పులు తీగకు పెట్టడం కూడా ఇలాంటివే. వేరుశనక్కాయలు ఒలిపిస్తే పక్కనే ఉండండి, గింజ గొంతులో అడ్డం పడే వయసు ఇది. కుర్చీలో కాళ్లు వేలాడుతుంటే చెయ్యి కుదురుగా ఉండదు. నేల మీద కూర్చోబెట్టి ముందు ఎత్తుపీట వేసినా చాలు.

ఇంకోటి. అన్నం ఎవరు తినిపిస్తున్నారు? నానమ్మ ముద్దలు పెడుతుంటే ఆ ముచ్చట ముచ్చటే గానీ, పప్పన్నం కలిపి ముద్ద చేసుకోవడంలో ఉన్న వేళ్ల పని వాడికి దక్కదు. ఒక పూటైనా వాణ్ణే తిననివ్వండి, చాప పాడైతే కడుక్కోవచ్చు.

నాలుగున్నరకు కూడా సున్న రాకపోయినా, గీసేటప్పుడు చెయ్యి వణికినా, రెండో చేత్తో కాగితం అదిమి పట్టలేకపోయినా, మాటలు కూడా వెనకబడి ఉన్నా అప్పుడు ఆక్యుపేషనల్ థెరపిస్టుకు, అంటే చేతిపని, రోజువారీ పనులు సాధన చేయించే నిపుణులకు చూపించండి.

ప్రశ్న: మూడున్నరేళ్ల మా మనవడు నిలబడితే మోకాళ్లు రెండూ తగులుతున్నాయి, పాదాలు దూరంగా ఉంటున్నాయి. ఇదంతా నీళ్ల వల్లేనని ఊళ్లో అంటున్నారు. కాళ్లకు పట్టీలు వేయించమంటారా?
– ఒక తాతగారు, కనిగిరి ప్రాంతం

జవాబు: పట్టీలు వద్దండి. రెండేళ్ల దాకా కాళ్లు దొడ్డిగా ఉండి, మూడు నాలుగేళ్లకు మోకాళ్లు లోపలికి వచ్చి, ఏడేళ్లకల్లా చాలావరకు సర్దుకోవడం మామూలు ఎదుగుదలే. మీవాడు సరిగ్గా ఆ మధ్య వయసులో ఉన్నాడు. చిప్పలు ముందుకు చూసేలా నిలబెట్టి, మోకాళ్లు ఒకదానికొకటి ఆనీ ఆననట్టు ఉంచి, రెండు చీలమండల లోపలి ఎముకల మధ్య దూరం టేపుతో కొలిచి తేదీ వేసి రాసుకోండి. ఆర్నెల్లకోసారి అలాగే కొలవండి. దూరం 8 సెంటీమీటర్లు దాటినా, పెరుగుతూ పోతున్నా, ఒక కాలే వంకరైనా, నొప్పి ఉన్నా, ఈడు పిల్లలకన్నా బాగా పొట్టిగా ఉన్నా, మణికట్లు ఉబ్బి కనిపించినా ఎముకల డాక్టరుకు చూపించండి. చివరి రెండూ విటమిన్ డి లోపం వల్ల వచ్చే రికెట్స్‌లో కనిపిస్తాయి. రక్తపరీక్ష, ఎక్స్‌రే లేకుండా పెద్ద డోసు డి ఇంజెక్షన్ వేయించకండి.

నీళ్ల మాట ఉత్తదేం కాదు. ఎముకల ఫ్లోరోసిస్ మనదేశంలో మొదట వైద్యపత్రికకెక్కింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల నుంచే. అయితే ఎముకలు వంగేంత ఫ్లోరైడ్ చేరడానికి ఏళ్లు పడుతుంది, మూడున్నరేళ్ల పిల్లవాడి మోకాళ్లకు అదొక్కటే కారణం కావడం అరుదు. ఇంట్లో ఎనిమిదేళ్లు దాటిన అన్నో అక్కో ఉంటే వాళ్ల ముందుపళ్లు చూడండి. సుద్దలాంటి తెల్లమచ్చలు, గోధుమరంగు చారలు ఉంటే మీరు తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువని అనుమానించవచ్చు. పాలపళ్లలో ఇది అంత తెలియదు. ఆ బోరు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే గతి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పిల్లవాడికి పాలు, పెరుగు, రాగి తప్పకుండా పెట్టండి. కాల్షియం తక్కువైనచోట ఫ్లోరైడ్ ఎక్కువ చెడుపు చేస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి ఐదేళ్లు. పరిగెత్తితే పడుతున్నాడు, మెట్లు రెయిలింగ్ పట్టుకునే ఎక్కుతాడు. కింద కూర్చుంటే లేవడానికి మోకాళ్ల మీద చేతులు ఆనిస్తాడు. పిక్కలు మాత్రం గట్టిగా, లావుగా ఉన్నాయి. బలమే కదా అనుకున్నాం. జ్వరం వచ్చినప్పుడు రక్తపరీక్షలో లివర్ ఎంజైములు ఎక్కువున్నాయన్నారు, కామెర్లకు పసరు తాగించాం.
– ఒక తండ్రి, ఆత్మకూరు

జవాబు: పసరు ఆపేయండి, ఈ వారంలోనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) అనే రక్తపరీక్ష చేయించండి. మీరు రాసినవన్నీ కలిపి చూస్తే కండరాల క్షీణత అనుమానం వస్తోంది. మగపిల్లల్లో ఎక్కువగా వచ్చే డ్యూషెన్ రకం సరిగ్గా ఈ ఈడులోనే బయటపడుతుంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు కాలేయంలోనే కాదు, కండరాల్లోనూ ఉంటాయి. కండరం దెబ్బతిన్నా అవి రక్తంలో పెరుగుతాయి. కళ్లు పచ్చబడకుండా ఇవి రెండే పెరిగిన పిల్లవాడిలో సీకే చూడాల్సిందే. కాలేయానికి సంబంధించిన ఇంకో ఎంజైము జీజీటీ మామూలుగా ఉంటే కాలేయం మీద అనుమానం ఇంకా తగ్గుతుంది. డ్యూషెన్‌లో సీకే వేలల్లో ఉంటుంది.

వెళ్లేలోపు ఒక వీడియో తీసుకోండి. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఏమీ పట్టుకోకుండా లేచి నిలబడమనండి. ఐదేళ్ల పిల్లవాడు రెండు మూడు సెకన్లలో లేచేస్తాడు. తొడకండరాలు బలహీనమైతే ముందు బోర్లా తిరుగుతాడు, కాళ్లూ చేతుల మీదికి వస్తాడు, కాళ్లు ఎడం చేస్తాడు, తర్వాత చేతులతో మోకాళ్లు, తొడలు ఎగబాకుతూ తన ఒంటిని తనే పైకి లేపుకుంటాడు. డాక్టరు గదిలో బిగుసుకుపోయి చేయకపోయినా వీడియో ఉంటుంది. బలం రావాలని గుంజీలు తీయించకండి, ఈ కండరాలకు అది హాని. సీకే ఎక్కువొస్తే జన్యుపరీక్ష రాస్తారు. మీరు ఇంకో బిడ్డను అనుకుంటుంటే ఆ ఫలితం, తల్లికి కూడా పరీక్ష కావాలా అన్నది తేలేదాకా ఆగి జన్యు సలహా తీసుకోండి.

వట్టినే పడిపోయే పిల్లలందరికీ ఇదే అని మిగతా పాఠకులు కంగారుపడవద్దు. ఏడాది ముందుచూపుతో కొన్న పెద్ద చెప్పులు కూడా అందుకు కారణమే.

ప్రశ్న: విదేశీ మోటార్ టెస్ట్ ఒకటి తెప్పించి మా ప్లేస్కూల్లో 40 మందికి పెట్టాం. 13 మంది బాగా తక్కువలో వచ్చారు. తల్లిదండ్రులకు రిపోర్టు ఇవ్వాలా?
– ప్లేస్కూల్ నిర్వాహకురాలు, ఒంగోలు

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. పిల్లల్లో మూడోవంతు తక్కువలో వస్తే ముందు పరీక్ష పెట్టిన తీరును అనుమానించాలి. ఉదాహరణకు మూవ్‌మెంట్ ఏబీసీ అనే విదేశీ పరీక్ష రెండో కూర్పులో 3–6 ఏళ్ల పిల్లలకు డబ్బాలో నాణేలు వేయడం, పూసలు గుచ్చడం, గింజల సంచి పట్టడం, ఒంటికాలి నిలకడ లాంటివి ఉంటాయి. చేతిపనులకు టైము కడతారు. నూటికి అడుగు ఐదుగురి స్థాయిలో వస్తే ఇబ్బంది ఉన్నట్టు, ఆరు నుంచి పదిహేను మధ్య వస్తే గమనించాల్సినట్టు లెక్క. ఆ కొలబద్ద వేరే దేశపు పిల్లల మీద కట్టింది. పూసలు ఎప్పుడూ గుచ్చని పిల్లకు తొందరపడడం అంటే ఏమిటో తెలియదు, గడియారం మాత్రం నడుస్తుంది. సూచనలు ఇంగ్లిషులో చెప్పారా? పరీక్ష పెట్టిన టీచరు శిక్షణ తీసుకుందా? 13 మందిలో ఎంతమంది ఆ నెలే చేరారు?

తొలి వడపోతకు తిరువనంతపురం చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ తయారుచేసిన టీడీఎస్‌సీ అనే ఎదుగుదల పరిశీలన పట్టిక మేలు. ఆరేళ్ల దాకా ఉన్న కూర్పులో 51 అంశాలున్నాయి, మన పిల్లల మీద కట్టింది, తక్కువ సమయంలో అయిపోతుంది. అది కూడా వడపోతే, రోగనిర్ధారణ కాదు. కదలికల సమన్వయ లోపం, అంటే డీసీడీ అన్న పేరు ఐదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా పెట్టరు. పెట్టాల్సి వచ్చినా కనీసం మూడు నెలల ఎడంతో రెండుసార్లు చూశాకే. 13 మందికీ మూడు నెలలు ఆటల పీరియడ్ పెంచి మళ్లీ చూడండి. అప్పటికీ మిగిలిన ఇద్దరు ముగ్గురి తల్లిదండ్రులతో మాట్లాడండి. అంకె చెప్పకుండా, ‘మెట్లు దిగేటప్పుడు ఇలా చేస్తోంది, గుండీ ఇలా పెడుతోంది’ అని చూసింది చెప్పండి. పూర్తి అంచనాకు డీఈఐసీకి గానీ, నెల్లూరులో కేంద్రప్రభుత్వ సీఆర్‌సీకి (దివ్యాంగుల పునరావాస కేంద్రం) గానీ పంపవచ్చు. ప్రోగ్రెస్ కార్డులో ‘మోటార్ డిలే’ అని మాత్రం రాయకండి, ఆ కాగితం పిల్లతోపాటు పైతరగతులకు పోతుంది.

ప్రశ్న: మా పాప పదివారాలు ముందే పుట్టింది. 18 నెలలకు నడిచింది. ఇప్పుడు మూడేళ్లు. అందరూ లేటంటున్నారు.
– ఒక తల్లి, సింగరాయకొండ

జవాబు: 18 నెలల్లోంచి ఆ పదివారాలు, అంటే రెండు నెలల పైచిలుకు తీసేయండి, పదహారు లోపే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్కలో ఒంటరిగా నడిచే వయసు 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఉంది. మన దేశపు పిల్లలూ అందులో ఉన్నారు. కాబట్టి నడక ఆలస్యం కాలేదు. రెండేళ్లు దాటాక ఈ తీసివేత అక్కర్లేదు, ఇప్పుడు మూడేళ్ల పాపగానే చూడండి. ముందే పుట్టిన పిల్లల్లో ఒంటికాలి నిలకడ, బంతి పట్టడం, గీతలు తర్వాత వెనకబడే అవకాశం కొంచెం ఎక్కువ కాబట్టి నాలుగేళ్లకు ఒకసారి, ఐదేళ్లకు ఒకసారి పైన రాసినవన్నీ చూసుకోండి.

ప్రశ్న: నాలుగేళ్ల మనవరాలు అన్నీ ఎడమచేత్తోనే. అన్నం తినేటప్పుడు చెయ్యి మీద కొడితే మారుతుందంటున్నారు.
– ఒక నాయనమ్మ, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: కొట్టకండమ్మా, మార్చకండి. నాలుగేళ్లకు చేతివాటం కుదురుకోవడం మామూలే, ఎడమైనా కుడైనా. ఏడాదిన్నర నిండకముందే ఒక చెయ్యే వాడి రెండోదాన్ని పిడికిలి బిగించి ఉంచితే అది వాటం కాదు, వాడని చేతిలో బలహీనత ఉందేమో చూడాలి. మీ మనవరాలు కుడిచేత్తో గిన్నె పట్టుకుంటోందా, రెండు చేతులతో సీసా మూత తిప్పుతోందా గమనించండి. చేస్తుంటే ఏ ఇబ్బందీ లేదు. రాసేటప్పుడు కాగితం పైఅంచు కుడివైపు వాలేలా పెట్టండి, బెంచీ మీద ఎడమ చివర కూర్చోబెట్టమని బళ్లో చెప్పండి. కత్తెర మాత్రం ఎడమచేతివాళ్లది విడిగా కొనాలి. మామూలు కత్తెరతో వాళ్లకు గీత కనిపించదు, కాగితం తెగక రెండు రేకుల మధ్య మడతపడుతుంది.